నరం మీద నొక్కితే కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, తర్వాత చదివేవాళ్లకూ సందర్భం తెలుస్తుంది. మీ నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. డాక్టరు ఆయన అరికాలి మీద సన్నటి నైలాన్ పోగుతో అక్కడక్కడా నొక్కి "తెలుస్తోందా?" అని అడిగితే మూడు చోట్ల తెలియలేదన్నారు. అదే చోట సూది మొన ఆనిస్తే మాత్రం చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నారు. ఇదేమిటని మీరు వెతికితే, చర్మంలోని నరాల్లో 'పీజో' అనే ప్రొటీన్లు ఉంటాయని కనిపించింది. గ్యాస్ లైటర్‌లోనూ పీజో అనేదే ఉంటుంది కదా, నొక్కితే రవ్వ వస్తుంది కదా, మన నరాలు కూడా అలాగే కరెంటు పుట్టిస్తాయా, నాన్నగారి కాలిలో పాడైంది అదేనా అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా శరీరధర్మశాస్త్రం బోధిస్తున్నాను. నరాల సంకేతాలను రికార్డు చేయడం నా పనిలో భాగం. లైటర్ పోలిక సరైనది కాదు. కానీ అది ఎక్కడ తప్పుతోందో పట్టుకుంటే మిగతా చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

లైటర్ మీట నొక్కినప్పుడు లోపల చిన్న సుత్తి ఒక స్ఫటికాన్ని కొడుతుంది. ఆ దెబ్బకు స్ఫటికంలోని విద్యుదావేశాలు కాస్త పక్కకు జరిగి, రెండు ముఖాల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. రవ్వ ఎగురుతుంది. ఆ రవ్వలో ఉన్న శక్తి అంతా మీ బొటనవేలు ఇచ్చినదే. నరంలో జరిగేది ఇది కాదు. నరం ముందే ఛార్జ్ చేసి ఉంచిన బ్యాటరీ లాంటిది. మీ వేలు నొక్కినప్పుడు ఆ బ్యాటరీకి ఉన్న ఒక తలుపు తెరుచుకుంటుంది, అంతే. కరెంటు బ్యాటరీది, వేలిది కాదు.

ఈ బ్యాటరీ ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. నరాల కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలి వైపు బయటి కంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ కణం పొర మందం 5 నానోమీటర్లే. అంత పలచని పొర మీద అంత తేడా అంటే, మీటరుకు లెక్క కడితే దాదాపు కోటీ నలభై లక్షల వోల్టులు. తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేసిన ప్రతిసారీ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఈ తేడాను నిలబెట్టడానికి కణం పొరలో సోడియం పొటాషియం పంపులు రాత్రీ పగలూ పనిచేస్తాయి. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతాయి. ఆ ఖర్చు మీరు తిన్న తిండి నుంచి వస్తుంది. ఈ పంపును 1957లో బయటపెట్టిన జెన్స్ స్కూకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి బయట సోడియం కిక్కిరిసి ఉంది, లోపలికి రావాలని చూస్తోంది, తలుపు మూసి ఉంది. పొర కాస్త సాగి తలుపు తెరుచుకుంటే చాలు, ఒక్క తలుపు గుండానే సెకనుకు సుమారు కోటి అయాన్ల వేగంతో లోపలికి దూకుతాయి. తలుపు తెరిచి ఉండేది కొన్ని మిల్లీసెకన్లే, అయినా ఆ కాస్త సమయం సరిపోతుంది. అక్కడ పొర వోల్టేజీ కొద్దిగా మారుతుంది. ఆ మార్పు ఒక హద్దు దాటితే పక్కనున్న సోడియం తలుపులు, అంటే వోల్టేజీని బట్టి తెరుచుకునే వేరే రకం తలుపులు, వరుసగా తెరుచుకుంటూ పోతాయి. అలా సంకేతం బలం తగ్గకుండా మీటరు దూరమైనా ప్రయాణిస్తుంది. దారి పొడవునా బ్యాటరీ ఉంది కాబట్టే అది సాధ్యం. వేలి ఒత్తిడిలోని శక్తి ఒక్కటే మోసుకెళ్లాల్సి వస్తే, ఆ సంకేతం చీలమండ దాటకముందే చచ్చిపోయేది.

ఈ అవగాహన ఒక్క రోజులో రాలేదు. 1926లో ఎడ్గార్ ఏడ్రియన్, ఇంగ్వె జోటర్‌మన్ ఒకే ఒక నరపు పోగు నుంచి వచ్చే సంకేతాలను రికార్డు చేశారు. కండరాన్ని గట్టిగా లాగినా మెల్లగా లాగినా ఒక్కో సంకేతం సైజు మారలేదు. గట్టిగా లాగితే సంకేతాలు దగ్గరదగ్గరగా వచ్చాయి, అంతే. ఎంత గట్టిగా అన్నది నరం సంఖ్యతో చెబుతుంది, ఎత్తుతో కాదు. తర్వాత 1950లో బెర్నార్డ్ కాట్జ్ కప్ప కండరంలోని సాగుడును పసిగట్టే భాగాన్ని పరీక్షించి, ఆ సంకేతాలకు ముందు నరం చివర్లో ఒక చిన్న స్థానిక వోల్టేజీ మార్పు వస్తుందనీ, అది మాత్రం సాగుడును బట్టి పెద్దదీ చిన్నదీ అవుతుందనీ చూపించారు. అంటే తలుపు దగ్గర కొలత ఉంది, తీగ మీద లెక్క ఉంది.

మరి బలం తలుపును ఎలా తెరుస్తుంది? ఇక్కడ అసలు క్లూ వేగం. కంట్లో వెలుగు పడితే దాన్ని సంకేతంగా మార్చడానికి మధ్యలో చాలా రసాయన మెట్లు ఉంటాయి. లోపలి చెవిలోని కణాల మీద డేవిడ్ కోరీ, జేమ్స్ హడ్‌స్పెత్ 1979లో చేసిన కొలతల్లో, కదలికకూ కరెంటుకూ మధ్య ఆలస్యం మైక్రోసెకన్ల లెక్కలో తేలింది. అంత తక్కువ సమయంలో ఏ రసాయనమూ పుట్టి, ప్రయాణించి, ఇంకోదాన్ని తాకి పని చేయించలేదు. కాబట్టి బలం నేరుగా తలుపునే లాగుతోందని అర్థం.

అలా లాగడానికి ఎంత సింపుల్ ఏర్పాటు సరిపోతుందో తెలియాలంటే బ్యాక్టీరియాను చూడాలి. నాకు ఈ మొత్తం విషయంలో బాగా ఇష్టమైన భాగం ఇదే. ఉప్పగా ఉన్న చోట బతుకుతున్న బ్యాక్టీరియా మీద ఒక్కసారిగా వాన నీరు పడిందనుకోండి. లోపల లవణాలు ఎక్కువ కాబట్టి నీరు లోపలికి తోసుకొస్తుంది. కణం ఉబ్బి పగిలిపోయే ప్రమాదం. ఆ క్షణంలో దాని పొరలో ఉన్న ఒక ప్రొటీన్, పొర బిగుసుకోవడం వల్లనే, సుమారు 3 నానోమీటర్ల వెడల్పున నోరు తెరుస్తుంది. లోపలి లవణాలు, చిన్న అణువులు బయటికి పోతాయి, ఒత్తిడి తగ్గుతుంది, కణం బతుకుతుంది. బోరిస్ మార్టినాక్, చింగ్ కుంగ్ బృందం 1987లో ఇలాంటి తలుపుల్ని బ్యాక్టీరియాలో మొదటిసారి రికార్డు చేసింది. తర్వాత ఆ ప్రొటీన్‌ను శుద్ధి చేసి, వేరే ఏమీ లేని కొవ్వు పొరలో పెట్టినా అది అలాగే తెరుచుకుంది. నరం లేదు, మెదడు లేదు, తీగలు లేవు. కొవ్వు పొర, అందులో ఒక ప్రొటీన్, కాస్త బిగువు. స్పర్శకు కనీసం కావలసింది అంతే.

జంతువుల్లో ఆ తలుపు ఏదో కనిపెట్టడం చాలా కష్టమైంది. మార్టిన్ చాల్ఫీ చిన్న పురుగుల్ని ఒక పుల్లకు అతికించిన కనుబొమ వెంట్రుకతో మెల్లగా తాకి, తాకినా కదలని పురుగులు ఏవో చూసి, స్పర్శకు కావలసిన జన్యువులను పట్టుకున్నారు. కానీ మనలాంటి జంతువుల్లో ఆ జన్యువులకు దగ్గరివి ఆ పని చేస్తున్నట్టు తేలలేదు. అప్పుడు కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఆర్డెమ్ పటపూటియన్ ల్యాబులో బెర్ట్రాండ్ కాస్ట్ వేరే దారి పట్టారు. గాజు కడ్డీతో పొడిస్తే కరెంటు చూపించే ఒక ఎలుక కణజాతిని ఎంచుకున్నారు. అందులో తలుపు కాగలవనిపించిన 72 జన్యువుల జాబితా వేసి ఒక్కొక్కదాన్నీ నోరు నొక్కుతూ, కణాన్ని పొడిచి చూశారు. జాబితా చివరికి వచ్చేదాకా కరెంటు పోలేదు. చివరి జన్యువును ఆపినప్పుడు పోయింది. 2010లో ఆ ఫలితం ప్రచురించారు. ఒత్తిడికి గ్రీకు మాట నుంచి దానికి పీజో1 అని పేరు పెట్టారు, దాని తోబుట్టువుకు పీజో2. లైటర్‌లోని పీజోకు కూడా పేరు అదే మూలం నుంచి వచ్చింది. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. 2021లో వైద్య నోబెల్‌ను పటపూటియన్, వేడినీ మిరప ఘాటునూ పసిగట్టే తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్ పంచుకున్నారు.

పీజో ఆకారం చూస్తే అది ఎలా పనిచేస్తుందో సగం అర్థమైపోతుంది. మూడు ఒకేలాంటి ప్రొటీన్లు కలిసి మూడు రెక్కల ఫ్యాను లాగా ఉంటాయి. ఒక్కోటి పొరను 38 సార్లు దాటుతుంది, మొత్తం 114 సార్లు. రెక్కలు చదునుగా ఉండవు, వంగి ఉంటాయి. అందువల్ల అది కూర్చున్న చోట కణం పొర కూడా గుంత పడుతుంది. మంచం మీద దుప్పటి మధ్యలో గుంత పడి ఉంటే నాలుగు కొసలూ పట్టి లాగండి, గుంత చదునవుతుంది. పొర బిగుసుకున్నప్పుడు పీజో కూడా అలాగే చదునవుతుంది, మధ్యలో ఉన్న దారి తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి. బిగువు అలాగే ఉన్నా కొన్ని మిల్లీసెకన్లలో తలుపు తనంతట తానే చాలావరకు మూసుకుపోతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు చర్మానికి వద్దాం. చర్మంలో స్పర్శను పట్టే నరాల్లో ప్రధానమైనది పీజో2. ఒకే తలుపు అయినప్పుడు కాగితం గరుకుదనం, ఫోను వైబ్రేషను, చొక్కా అంచు, ఎవరో భుజం మీద వేసిన చెయ్యి, ఇవన్నీ వేరువేరుగా ఎలా తెలుస్తాయి? తలుపును ఎలాంటి గూడులో బిగించారన్నదాన్ని బట్టి. మెర్కెల్ కణాల దగ్గర ముగిసే నరాలు నొక్కి ఉంచినంతసేపూ చెబుతూనే ఉంటాయి, అంచులూ గీతలూ వాటి వల్ల తెలుస్తాయి. మైస్నర్ గూళ్లు వేళ్ల చర్మం పైభాగంలో ఉండి, వస్తువు జారడం మొదలవగానే పట్టేస్తాయి. చేతిలోని గ్లాసు జారబోతుంటే మీరు ఆలోచించకముందే పట్టు బిగుసుకుంటుంది కదా, అందులో వాటి పాత్ర పెద్దది. లోతుగా ఉండే పసీనీ గూడు దాదాపు మిల్లీమీటరు పొడవుంటుంది, కంటికి కనిపించేంత. లోపల నరం చివర, దాని చుట్టూ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ద్రవం నిండిన తొడుగులు. మెల్లగా నొక్కి ఉంచితే ఆ పొరలు జారి సర్దుకుంటాయి, లోపలి నరానికి ఏమీ అందదు. సెకనుకు 200 నుంచి 300 సార్లు అదిరితే మాత్రం సర్దుకునే టైము ఉండదు, అదురు నేరుగా లోపలికి వెళ్తుంది. 1960ల్లో లోవెన్‌స్టైన్ బృందం ఈ పొరల్ని ఒలిచేసి చూస్తే, నొక్కి ఉంచిన ఒత్తిడికి నరం స్పందన చాలా ఎక్కువసేపు నిలిచింది. వడపోత గూడులోనే ఉందన్నమాట.

ఉంగరం పెట్టుకున్న కాసేపటికే అది ఉందన్న సంగతి మరిచిపోవడానికి కారణం కూడా చాలావరకు ఇక్కడే ఉంది. గూడు సర్దుకుంటుంది, తలుపు మూసుకుంటుంది, సంకేతాలు పలచబడతాయి. మిగిలినదాన్ని మెదడు పక్కన పెట్టేస్తుంది. నరాలు ఉన్నది మార్పును చెప్పడానికి. ఒక అరచేతిలో, వేళ్లతో కలిపి, ఇలాంటి స్పర్శ పోగులు సుమారు 17,000 ఉంటాయి. అవన్నీ ఎప్పుడూ అరుస్తూనే ఉంటే మనం ఏ పనీ చేయలేం.

ఇక సూది సంగతి. మీ నాన్నగారికి నైలాన్ పోగు తెలియలేదు, సూది తెలిసింది, ఇందులో వైరుధ్యం లేదు. సున్నితమైన స్పర్శ మందపాటి నరపు పోగుల్లో సెకనుకు 35 నుంచి 75 మీటర్ల వేగంతో వెళ్తుంది. గుచ్చుడు సన్నని పోగుల్లో, మంట లాంటి నొప్పి ఇంకా సన్నని, తొడుగు లేని పోగుల్లో సెకనుకు మీటరు వేగంతో. కాలి బొటనవేలు గడపకు తగిలినప్పుడు ముందు 'తగిలింది' అని తెలిసి, ఒక క్షణం ఆగి నొప్పి వస్తుంది కదా, ఆ క్షణం ఈ వేగాల తేడానే. తీగలే కాదు, తలుపులు కూడా పూర్తిగా ఒకటి కావు. 2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలోని బృందం పుట్టుకతోనే పీజో2 పనిచేయని ఇద్దరిని పరీక్షించి వివరాలు ప్రచురించింది. వాళ్లకు అరచేతి మీద వైబ్రేషను తెలియదు, కానీ గట్టిగా గిల్లితే నొప్పి తెలుస్తుంది. గాయపరిచే ఒత్తిడికి శరీరం వేరే దారి కూడా పెట్టుకుంది.

ఆ ఇద్దరి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మీ నాన్నగారికి నేరుగా పనికొస్తుంది. కళ్లు తెరిచి ఉంటే వాళ్లు నడవగలరు. కళ్లకు గంతలు కడితే తూలిపోయారు, పట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ల వేలిని పైకో కిందికో కదిపి ఎటు కదిపామో చెప్పమంటే చెప్పలేకపోయారు. మన కండరాల లోపల సాగుడును కొలిచే చిన్న కండె ఆకారపు అవయవాలు ఉంటాయి, వాటి నరాల్లోనూ ఉన్నది పీజో2నే. కాలు ఎక్కడుంది, మోకాలు ఎంత వంగింది అన్నది చూడకుండానే తెలిసేది వాటి వల్ల. దీన్ని పంచేంద్రియాల లెక్కలో ఎవరూ చేర్చలేదు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది. చూపు లేకుండా, వినికిడి లేకుండా మనిషి నడవగలడు. ఇది లేకపోతే చీకట్లో ఒక్క అడుగు కూడా భయమే. షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నవాళ్లు రాత్రిపూట, లేదా ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకున్నప్పుడు తూలడానికి ఇది ఒక ముఖ్య కారణం. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా చిన్న లైటు వెలిగేలా చూడండి.

మరి ఆయన కాలిలో పాడైంది పీజోనా? కాదు. తలుపు కాదు, తీగ. అరికాలి చర్మంలో ముగిసే నరానికి కణం నడుము దగ్గర, వెన్నుపాము పక్కన ఉంటుంది. అక్కడి నుంచి కాలి వేలి దాకా దాదాపు మీటరు పొడవున్న పోగు ఒకే కణంలో భాగం. పీజో2 తయారయ్యేది అక్కడ, నడుము దగ్గర. రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్ల వేగంతో పోగు లోపల ప్రయాణించి మూడు నాలుగు రోజులకు కాలి వేలికి చేరుతుంది. దారి పొడవునా పంపులకు శక్తి కావాలి, పోగుకు రక్తం కావాలి. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువైన రక్తం ఆ పోగునూ, దానికి రక్తం ఇచ్చే సన్నని నాళాలనూ రెండిటినీ దెబ్బతీస్తుంది. అన్నిటికంటే పొడవైన పోగుల కొసలే ముందు ఎండిపోతాయి. అందుకే నష్టం పాదాల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మందపాటివీ సన్ననివీ ఒకే రకంగా దెబ్బతినవు, ఒక్కొక్కరిలో ఒక్కో క్రమం. మీ నాన్నగారిలో మందపాటివి ముందు నష్టపోయినట్టుంది, అందుకే సూది మిగిలింది.

డాక్టరు వాడిన ఆ నైలాన్ పోగు వెనక ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. పోగును చర్మానికి నిటారుగా ఆనించి వంగేదాకా నొక్కుతారు. వంగాక ఇంకా నొక్కినా బలం పెరగదు. కాబట్టి ఎవరు నొక్కినా, చెయ్యి వణికినా, పాదానికి అందేది 10 గ్రాముల బలమే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మాక్స్ ఫాన్ ఫ్రై గుర్రపు వెంట్రుకలతో చేసిన పరికరానికి ఇది వారసురాలు. 128 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని కూడా అడుగుతారు, అది ఇంకాస్త ముందుగానే తగ్గుతుంది. మీ డాక్టరు అది చేయకపోయి ఉంటే వచ్చేసారి అడగండి.

చెవి గురించి క్లుప్తంగా, ఎందుకంటే అక్కడ బ్యాటరీ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లోపలి చెవి కణాల తల మీద మెట్లలా నిలబడ్డ సన్నని రోమాలు ఉంటాయి. పొట్టి రోమం కొసను పక్కనున్న పొడుగు రోమానికి కలుపుతూ ఒక దారం. శబ్దానికి రోమాల గుత్తి వంగితే దారం లాగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. నానోమీటరు కంటే తక్కువ కదలిక కూడా చాలు. ఇక్కడి తలుపు పీజో కాదు, టీఎమ్‌సీ అనే వేరే కుటుంబం. బ్యాటరీ కూడా వేరు. ఈ కణాల పైనున్న ద్రవంలో పొటాషియం నింపి, దాన్ని ప్లస్ 80 మిల్లీవోల్టుల దగ్గర ఉంచడానికి పక్క గోడలో ప్రత్యేకమైన కణజాలం ఉంది. ఒంట్లో నీరు తగ్గించడానికి వాడే ఫ్యూరోసెమైడ్ మందు పెద్ద మోతాదులో వేగంగా రక్తనాళంలోకి ఎక్కిస్తే కొందరికి వినికిడి తగ్గుతుంది. రోమాలు బాగానే ఉంటాయి, దారాలు బాగానే ఉంటాయి. ఛార్జింగ్ పడిపోతుంది. లైటర్‌కు ఇలా జరిగే అవకాశమే లేదు.

పీజో మనకు తెలియని చోట్ల కూడా ఉంది. ఊపిరితిత్తులు ఎంత నిండాయి, మూత్రాశయం ఎంత నిండింది, మెడలోని ధమనిలో రక్తపోటు ఎంత పెరిగింది, ఇవన్నీ అవే తలుపులు చెబుతాయి. మీరు పడుకున్నవారు లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగకుండా సర్దేది ఆ ధమని గోడలోని కొలతే. ఎర్ర రక్తకణాల్లో పీజో1 ఉంటుంది. కణం సన్నని నాళంలో నలిగినప్పుడు అది తెరుచుకుంటుంది. అది మూసుకోవడం ఆలస్యమయ్యే జన్యుమార్పు ఉన్నవాళ్లలో రక్తకణాలు నీరు కోల్పోయి ఎండుతాయి. అలాంటి మార్పుల్లో ఒకటి ఆఫ్రికా మూలాలున్నవారిలో చాలామందిలో ఉంది. మలేరియా పరాన్నజీవికి ఆ ఎండిన కణంలో బతకడం కష్టం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వేగమైనవి. నరంతో సంబంధం లేని నెమ్మదైన పద్ధతి ఇంకోటి ఉంది. చాలా కణాలు తాము కూర్చున్న నేలను పట్టుకుని, లోపలి కండరపు ప్రొటీన్లతో లాగి చూస్తూ ఉంటాయి. నేల గట్టిదైతే లాగినా జరగదు, ఆ పట్టు దగ్గర బిగువు పెరుగుతుంది. టాలిన్ అనే ప్రొటీన్ కొన్ని పికోన్యూటన్ల బలానికి మడత విప్పుకుని, లోపల దాచిన భాగాన్ని బయటపెడుతుంది. దానికి వేరే ప్రొటీన్లు వచ్చి అతుక్కుంటాయి, కబురు కేంద్రకం దాకా చేరుతుంది, జన్యువుల పని మారుతుంది. 2006లో డెనిస్ డిషర్ బృందం ఒకే రకం మూలకణాలను మెత్తదనంలో మాత్రమే తేడా ఉన్న జెల్‌ల మీద పెంచింది. మెదడంత మెత్తటి జెల్ మీద అవి నరాల కణాల వైపు, కండరమంత గట్టిదాని మీద కండరం వైపు, ఇంకా గట్టిదాని మీద ఎముక వైపు మళ్లాయి. ఇక్కడ కూడా శక్తి కణం సొంతదే. నేల ఏమీ చేయదు, కణమే లాగి తెలుసుకుంటుంది.

ఎముక దగ్గర మాత్రం మీ లైటర్‌కు కాస్త న్యాయం జరుగుతుంది. 1957లో జపాన్‌కు చెందిన ఫుకాడా, యసుదా ఎండిన ఎముకను వంచితే నిజంగానే స్ఫటికంలా వోల్టేజీ వస్తుందని చూపించారు. అది కొల్లాజెన్ గుణం. బతికున్న తడి ఎముకలో మాత్రం, ఎముక వంగినప్పుడు సన్నని కాలువల్లో కదిలే ద్రవపు ప్రవాహం, దాన్ని పసిగట్టే లోపలి కణాలు ముఖ్యమైనవిగా తేలాయి. నడక ఆగితే ఆ ప్రవాహం ఆగుతుంది, శరీరం ఎముకను కరిగించడం మొదలుపెడుతుంది. అంతరిక్షంలో ఉన్న వ్యోమగాములు తగిన వ్యాయామం లేకపోతే తుంటి ఎముక సాంద్రతను నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా కోల్పోతారు.

చివరగా ఇంట్లో మీరు చేయగలిగినది. నాన్నగారిని పడుకోబెట్టి, మేజోళ్లు తీసి, కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో ఆయన కాలి బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలు కొసల్ని ఒక్కోటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కొద్దు, గీకొద్దు. తాకినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమనండి. రెండు కాళ్లకూ కలిపి ఆరు చోట్లు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు. కానీ మూడు నెలలకోసారి చేసి తేదీతో రాసి పెడితే మార్పు తెలుస్తుంది. ఆయన రోజూ పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి, వంగలేకపోతే మీరు చూడండి. చెప్పుల్లో, బూట్లలో కాలు పెట్టేముందు చేత్తో తడిమి చూడాలి, ఎందుకంటే లోపల పడ్డ చిన్న రాయి ఇప్పుడు ఆయనకు తెలియకపోవచ్చు. వేడి నీళ్లను కాలితో కాకుండా మోచేతితో చూడాలి. పుండు గానీ, ఒక పాదం మాత్రమే వాచి వేడిగా ఉండడం గానీ కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఆగకుండా అదే రోజు చూపించండి. ఆ మూడు చోట్లు ఏవో మీకు గుర్తుంటే కాగితం మీద పాదం బొమ్మ గీసి గుర్తు పెట్టండి, వచ్చేసారి డాక్టరు పోల్చి చూస్తారు.